నాన్న ఎక్స్‌రేలతో డ్రెస్ కుట్టొచ్చా?

పోయిన సంచికలో ఇదే పేజీలో ఇంగ్లండ్ డిజైనర్ అలెగ్జాండర్ మెక్‌క్వీన్ చేసిన ఒక గౌను గురించి నాలుగు ముక్కలు రాశాను. పైభాగమంతా ల్యాబుల్లో మైక్రోస్కోప్ కింద పెట్టే గాజు పలకలు, ఒక్కోదానికీ ఎర్రరంగు పూసి కుట్టినవి, కింద నిప్పుకోడి ఈకలు. బట్టే కానిదాంతో బట్ట కుట్టి లోపలి బాధను బయట పెట్టడం అనే ఈ వ్యవహారం మీద ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు, అందులోనూ ఎక్కువ తిరుపతి, చిత్తూరు వైపు నుంచే. పేరు వేయొద్దని చాలామంది అడిగారు కాబట్టి ఈసారి ఎవరి పేరూ లేదు.

ప్రశ్న: మేడమ్, నేను తిరుపతిలో ఫ్యాషన్ డిజైన్ చివరి సంవత్సరం చదువుతున్నాను. రెండేళ్ల కిందట మా నాన్న ఊపిరితిత్తుల జబ్బుతో పోయారు. వేలూరుకీ తిరుపతికీ తిరిగినప్పటి ఎక్స్‌రేలు, స్కాన్ ఫిల్ములు, ఖాళీ మాత్రల షీట్లు బీరువా మీద ఒక సంచిలో ఉన్నాయి, అమ్మ పారేయనివ్వదు. వాటితోనే నా ఫైనల్ కలెక్షన్ చేయాలని ఉంది. మా గైడ్ మాత్రం 'ఇది ఎవరు వేసుకుంటారు, ఎక్కడికి వేసుకుని పోతారు' అంటున్నారు. ఏం చెప్పమంటారు?

జవాబు: ఎవరూ వేసుకోరు, ఎక్కడికీ వేసుకుపోరు అని చెప్పు తల్లీ, అందులో తప్పేం లేదు. 1966లో పారిస్‌లో పాకో రబాన్ అనే డిజైనర్ తన షోకి పేరు పెట్టడమే ఈ కాలపు వస్తువులతో చేసిన, వేసుకోలేని పన్నెండు డ్రెస్సులు అని పెట్టాడు. ప్లాస్టిక్ బిళ్లలు, లోహపు బిళ్లలు, వాటిని కలిపే చిన్న చిన్న రింగులు, సూదీ దారం పని లేదు, చేతిలో పటకారు. తర్వాత అవి ఎంత పేరు తెచ్చుకున్నాయో మీ గైడ్‌కే బాగా తెలిసుంటుంది. అయితే ఆవిడ అడిగినదాంట్లో ఇంకో ప్రశ్న దాగుంది, దానికి నువ్వు సమాధానం వెతుక్కోవాల్సిందే: గోడకి తగిలించే బొమ్మ కాకుండా ఇది డ్రెస్సే ఎందుకు కావాలి? మనిషి ఒంటి మీదకి ఎక్కితేనే తెలిసే సంగతి ఏదో అందులో ఉండాలి కదా.

నాకు తోచింది చెప్తాను. ఎక్స్‌రే ఫిల్ము చేతిలో పట్టుకుంటే ఉత్త నల్ల షీటు, వెలుతురుకి ఎత్తి పట్టుకుంటేనే నాన్న పక్కటెముకలు కనిపిస్తాయి. డాక్టరు దాన్ని కవర్లోంచి లాగినప్పుడు వచ్చే గరగర శబ్దం నీకు గుర్తుండే ఉంటుంది, ఆ శబ్దం తర్వాత ఆయన నోరు తెరిచేలోపు మీ అమ్మా నువ్వూ ఊపిరి బిగబట్టి కూర్చున్న క్షణాలు కూడా. అది వేసుకుని ఒకమ్మాయి నడిస్తే ప్రతి అడుగుకీ ఆ శబ్దమే వస్తుంది. వెనక నుంచి లైటు పడితే తప్ప బొమ్మ కనపడదు. బాధ అంటే రక్తం, చిరుగులు, కన్నీటి చుక్కల ఎంబ్రాయిడరీ అనుకుని మొదలుపెట్టే పిల్లలే ఎక్కువ, నీకు ఆ అవసరం లేదు, నీ దగ్గరున్న వస్తువే ఆ గదుల్లో కూర్చుని వచ్చింది.

హుస్సేన్ చలాయన్ అనే డిజైనర్‌ని చూడు. 1970లో సైప్రస్‌లో పుట్టాడు, ఆయన చిన్నప్పుడే, 1974లో, ఆ దీవి రెండు ముక్కలైంది, జనం ఇళ్లు వదిలి చేతికందింది పట్టుకుని పారిపోయారు. 2000లో లండన్‌లో ఆయన చేసిన షోలో స్టేజీ మీద మామూలు డ్రాయింగ్ రూము ఉంటుంది. అమ్మాయిలు వచ్చి కుర్చీల తొడుగులు తీసి ఒంటికి వేసుకుంటారు, కుర్చీలు మడిస్తే సూట్‌కేసులవుతాయి. చివరికి ఒకామె గుండ్రటి చెక్క టేబుల్ మధ్యలో దిగి దాన్ని పైకి లాగితే అది అంచెలంచెలుగా లంగా అయిపోతుంది. ఒక్క చుక్క రక్తం లేదు. ఇల్లు మొత్తం ఒంటి మీద వేసుకుని వెళ్లిపోవడం చూస్తే చాలు, ఇంకేం వివరించక్కర్లేదు.

ఇక పని సంగతి. ఫిల్ము అంచు కోసుకుంటుంది, మెడ దగ్గరా చంకల దగ్గరా బయాస్ పట్టీ (ఐమూలగా కోసిన గుడ్డ పట్టీ) వేయకుండా ఎవరి ఒంటికీ తగిలించకు. మిషన్ మీద దగ్గర దగ్గర కుట్లు వేస్తే ఆ బెజ్జాల వెంబడి టికెట్టు చిరిగినట్టు చిరుగుతుంది, అందుకని పంచ్‌తో దూరం దూరంగా బెజ్జాలు కొట్టి ఐలెట్లు (బెజ్జం చుట్టూ బిగించే లోహపు చుట్లు) బిగించి రింగులతో కలుపు. గాలి ఆడదు, చెమట పీల్చదు, మన మే నెలలో ట్రయల్ పెడితే మోడల్ కళ్లు తిరిగి పడుతుంది, కాబట్టి లోపల పల్చటి మల్లు గుడ్డ లైనింగ్ తప్పనిసరి. మాత్రల షీట్ల అల్యూమినియం అంచులు ఇంకా మోసం, వాటిని చిన్న ముక్కలుగా కోసి మూలలు గుండ్రంగా కత్తిరించు. ఫిల్ముల మీద నాన్న పేరు, వయసు, ఆసుపత్రి నంబరు ఉంటాయి, అవి నలుగురికీ చూపించాలో వద్దో ముందే తేల్చుకో. నన్నడిగితే వద్దు.

అన్నిటికంటే ముందు అమ్మని అడుగు. ఆ సంచి ఆవిడది కూడా. ఆవిడ ఒప్పుకుంటే కూడా అన్నీ కోయకు, కొన్ని ఆవిడకి వదిలెయ్యి. ఒప్పుకోకపోతే ఫిల్ముల్ని కోయకుండా ఫొటో తీసి పారదర్శకమైన షీటు మీద ప్రింట్ తీసుకుని పని చేయొచ్చు. శబ్దం కొంచెం తగ్గుతుందేమో కానీ ఇంట్లో గొడవ ఉండదు. జ్యూరీ ముందు విషాదం మ్యూజిక్ మాత్రం పెట్టకు, దయచేసి.

ప్రశ్న: చిత్తూరులో లేడీస్ టైలర్ని, ముప్పై ఏళ్లుగా మిషన్ మీద ఉన్నాను. మేము ఒక్క కుట్టు వంకరపోతే కస్టమరు జాకెట్టు మొహాన కొడుతుంది. వీళ్లు చిల్లులు పెట్టి, చించి, కాల్చి 'బాధ' అని పేరు పెడితే లక్షలు ఇస్తారా? ఇది మోసం కాదా మేడమ్?

జవాబు: మాస్టర్, సగం మీతోనే ఉన్నాను. ఫ్యాక్టరీలో వందల జీన్సు ప్యాంట్ల మోకాళ్లు ఒకే చోట చించి అమ్మేదాంట్లో ఏ బాధా లేదు, ఉంటే ఆ చించే కూలీవాళ్లకి ఉండొచ్చు. కానీ మీ చేతికి నచ్చే పని కూడా ఇందులో ఉంది, చెప్తాను వినండి.

1938లో పారిస్‌లో ఎల్సా స్కియాపరెల్లి అనే డిజైనర్, పెయింటర్ సాల్వడార్ డాలీతో కలిసి ఒక పొడవాటి గౌను చేసింది. చూస్తే ఒళ్లంతా చీలికలు, చర్మం ఒలిచినట్టు లోపల గులాబీ, ఊదా రంగు కండ. తీరా దగ్గరికెళ్తే గౌను ఎక్కడా చిరగలేదు, ఆ చీలికలన్నీ ప్రింటు! దాంతోపాటు వేసుకునే మేలిముసుగు మీద మాత్రం నిజంగానే గుడ్డ చీల్చినట్టు రెక్కలు వేలాడుతుంటాయి. పక్క దేశం స్పెయిన్‌లో అప్పటికి రెండేళ్లుగా అంతర్యుద్ధం, డాలీది ఆ దేశమే. అదే ఏడాది వాళ్లే ఇంకో నల్ల గౌను చేశారు, దాని మీద వెన్నెముక, పక్కటెముకలు ఉబ్బెత్తుగా ఉంటాయి. ఎలాగంటారా, రెండు పొరల బట్ట మీద ఎముక ఆకారానికి రెండు వరసల కుట్టు వేసి, వాటి మధ్యలోకి వెనక నుంచి దూది కూరారు. మీరు ఒకసారి చిన్న ముక్క మీద వేసి చూడండి, ఒక పక్కటెముక సమంగా రావడానికే ఒక పూట పడుతుంది.

చిల్లుల సంగతంటారా, జపాన్‌లో రేయ్ కవకుబో అనే డిజైనర్ ఉన్నారు, కామ్ దె గార్సోన్ ఆవిడ కంపెనీయే. 1981లో మొదటిసారి పారిస్‌కి వచ్చింది. ఆ తర్వాతి ఏడాది చిల్లుల స్వెట్టర్లు తెచ్చింది, అల్లిక మిషన్ స్క్రూలు కావాలని వదులు చేసి చిల్లులు పడేలా చేసినవి. మీరు మిషన్ బాగుచేయడానికి ఎంత తెలివి పెడతారో అంత తెలివి ఆవిడ పాడుచేయడానికి పెట్టింది. అక్కడి పత్రికలవాళ్లు హిరోషిమా ఫ్యాషన్ అని వెక్కిరించారు. ఆవిడ మాత్రం దాన్ని లేసు అంది. 2015లో మళ్లీ ఎడబాటు గురించి ఒక కలెక్షన్ చేసింది, తెలుపు, నలుపు, కొంచెం బంగారు రంగు, లేసులు, మూటలు. ఆ డ్రెస్సులు ఎంత వెడల్పంటే ఎదురెదురుగా వచ్చిన ఇద్దరు అమ్మాయిలు తప్పుకోవడానికి ఆగి, ఒకరికొకరు దారి ఇచ్చుకోవాల్సి వచ్చింది. మోసం చేసేవాడు అంత కష్టపడడు మాస్టర్, నా లెక్కైతే అది.

ధర విషయం మాత్రం నన్ను అడక్కండి, దానికి నా దగ్గర జవాబు లేదు.

ప్రశ్న: మా అమ్మాయి డిజైన్ కోర్సు చేస్తోంది. ఈ మధ్య చేసేవన్నీ నలుపు, కాల్చిన గుడ్డలు, ముళ్లకంప, గాజుపెంకులు. గది తలుపు తీస్తే భయమేస్తోంది. అడిగితే 'అది ఆర్టమ్మా' అంటుంది. పిల్ల మనసులో ఏదైనా ఉందేమోనని టెన్షన్. — ఒక తల్లి, పుత్తూరు

జవాబు: మీ భయం నాకు అర్థమైంది. బట్టల్ని చూసి మనిషిని చదవడం మాత్రం కుదరదమ్మా, రెండు వైపులా కుదరదు. జపాన్ డిజైనర్ ఇస్సే మియాకే హిరోషిమాలో ఏడేళ్ల పిల్లవాడిగా అణుబాంబు చూశాడు, రేడియేషన్ వల్ల మూడేళ్లలోపే తల్లి పోయింది. ఆయన చేసిన బట్టలు చూస్తే ఆ ఛాయ కూడా కనపడదు, ముడతల సిల్కులా తేలిపోయే రంగురంగుల బట్టలు. పగలగొట్టే వాటికంటే కొత్తగా చేయగలిగే వాటి గురించి ఆలోచించడమే ఇష్టమని, డెబ్బై దాటాక, 2009లో ఒక అమెరికా పత్రికలో మొదటిసారి ఆ సంగతి రాశాడు. అటువైపు ముళ్లకంపతో డ్రెస్ చేసిన పిల్ల సాయంత్రం స్నేహితులతో పానీపూరీ తింటూ నవ్వుతూ ఉండొచ్చు.

కాబట్టి డ్రెస్సు వదిలేసి పిల్లని చూడండి. నిద్రపోతోందా, అన్నం తింటోందా, స్నేహితులతో మాట్లాడుతోందా, ఇష్టమైనవి మానేసిందా, ఒంటి మీద గాయాలేమైనా దాస్తోందా, 'నేను లేకపోతే బాగుండు' లాంటి మాట ఎప్పుడైనా అందా? వీటిలో ఏదున్నా ఆర్టు అనుకుని ఊరుకోవద్దు, నేరుగా అడగండి, అడిగితే లేనిపోని ఆలోచన పుడుతుందని భయపడకండి. టెలీ మానస్ అని ప్రభుత్వ ఉచిత లైను ఉంది, 14416, తెలుగులోనే మాట్లాడతారు, మీరు చేసినా సరే. ఇవేవీ లేకపోతే ఒకరోజు ఆ గదిలో కూర్చుని 'ఈ ముళ్లు ఎక్కడివే' అని అడగండి. చాలామంది తల్లులు ఈ ప్రశ్న ఒక్కటి తప్ప అన్నీ అడుగుతారు. గాజుపెంకులకి మాత్రం చేతికి మందపాటి గ్లౌజులు కొనివ్వండి.

ప్రశ్న: ఇదంతా ఫారిన్ గోల. మన తిరుపతిలో, చిత్తూరులో ఇలాంటిది ఎప్పుడైనా ఉందా?

జవాబు: మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర చూడలేదా మీరు? ఒళ్లంతా బొగ్గుపొడి, ఇంకోరోజు కుంకుమ, ఇంకోరోజు తెల్లసుద్ద, మెడలో వేపమండలు, మీసాలున్న మగవాళ్లు చీర కట్టి, జడ వేసి, పూలు పెట్టి బజార్లో తిరగడం. దాని వెనక కథ కూడా మన ఊళ్లో చిన్నపిల్లలకి తెలుసు: ఆడపిల్లల్ని చెరిచే పాలెగాడు గంగమ్మ మీద కన్నేస్తే, ఆవిడ నిజరూపం చూసి పారిపోయి దాక్కున్నాడు, వాడిని బయటికి లాగడానికి ఆవిడ రోజుకో వేషం కట్టి ఊరంతా వెతికింది, దొర వేషంలో వచ్చినప్పుడు వాడు బయటపడితే తల నరికింది. అంత కోపాన్ని బొగ్గుతో, వేపాకుతో చెప్పిన ఊరు మనది.

అలాగని అది ఫ్యాషన్ అనను. అది మొక్కు. ఆ వేషం కట్టేవాడు డిజైనర్‌ని అనుకోడు, చూసేవాళ్లు చప్పట్లు కొట్టరు, తోవ ఇస్తారు. నా దగ్గరికి వచ్చే పిల్లలు కొందరు దాన్ని ఎత్తి ర్యాంప్ మీద పెడదాం అంటారు, నాకు మనసొప్పదు. చూసి నేర్చుకోమంటాను. బొగ్గు ఎండేకొద్దీ చర్మం ఎలా బిగుసుకుంటుందో, వేపమండ నడుముకి ఎలా గుచ్చుకుంటుందో, వేషం కట్టినవాడి నడకే ఎలా మారిపోతుందో.

జుట్టు గురించి కూడా ఒకరు అడిగారు, తలనీలాలతో డ్రెస్ చేస్తే ఎలా ఉంటుందని. ఇంగ్లండ్‌లో విక్టోరియా రాణి కాలంలో పోయినవాళ్ల జుట్టు అల్లి బ్రోచీలు, గొలుసులు చేసి పెట్టుకునేవాళ్లు, దుఃఖానికి గుర్తుగా. మన దగ్గర జుట్టు దాచుకోం, ఇచ్చేసి గుండుతో కొండ దిగుతాం, ఆ జుట్టు తర్వాత వేలంలో అమ్ముడై ఎక్కడికో పోతుంది. మీ అమ్మగారి జుట్టో మీ జుట్టో అయితే చేయండి. ఎవరో ముక్కూమొహం తెలియని భక్తురాలి జుట్టు కొని 'ఇది నా వేదన' అంటే మాత్రం నాకు ఒంటికి పట్టదు.

ప్రశ్న: ఇతరుల బాధని ర్యాంప్ ఎక్కించి అమ్ముకోవడం తప్పు కాదా?

జవాబు: చాలాసార్లు తప్పే. 2019 సెప్టెంబరులో మిలాన్‌లో గుచీ అనే ఫ్యాషన్ కంపెనీ షోలో పిచ్చాసుపత్రుల్లో రోగుల్ని కట్టేసే చొక్కాల్లాంటివి వేసి మోడళ్లని నిలబెట్టారు. వాళ్లలో ఒకరు, ఆయేషా టాన్ జోన్స్, రెండు అరచేతుల మీదా మానసిక ఆరోగ్యం ఫ్యాషన్ కాదని రాసుకుని, చేతులు ఎత్తి చూపిస్తూ వెళ్లారు. అవి అమ్మడానికి కాదని కంపెనీ తర్వాత చెప్పుకుంది. నేను మెచ్చుకున్న మెక్‌క్వీన్ గాజు పలకల గౌను షో కూడా పిచ్చాసుపత్రి గదిలా కట్టిన అద్దాల పెట్టెలోనే జరిగింది, 2000లో. అక్కడ ఒక తేడా ఉంది, షో మొదలయ్యేదాకా చాలాసేపు ప్రేక్షకులకి ఆ అద్దంలో తమ మొహాలే కనిపించాయి, ఫ్యాషన్ పెద్దమనుషులు ఎటు చూడాలో తెలీక ఇబ్బందిపడ్డారు. అయినా ఆ గది సెట్టింగు మీద నాకిప్పటికీ కొంచెం గుంజాటన ఉంది.

వీళ్లందరికంటే ముందు జర్మనీలో ఆగ్నెస్ రిష్టర్ అనే కుట్టుపని చేసే ఆమెని పిచ్చాసుపత్రిలో పెట్టారు. 1890ల్లో ఆమె అక్కడి గుడ్డతోనే జాకెట్టు కుట్టుకుని, లోపలా బయటా దారంతో తన మాటలు అక్షరాలుగా కుట్టేసింది. లోపలి అక్షరాలు కొన్ని ఒంటికి రాసుకుని అరిగిపోయాయి, మొత్తం ఇప్పటికీ ఎవరూ చదవలేకపోయారు. హైడెల్‌బర్గ్‌లో ఉంది ఆ జాకెట్టు. దాన్ని ఎవరూ ర్యాంప్ ఎక్కించమని అడగలేదు, ఆమె ఎవరికోసమూ కుట్టలేదు. దాని పక్కన గుచీ చొక్కాలు పెట్టి చూస్తే మీ ప్రశ్నకి జవాబు దొరుకుతుంది.

ప్రశ్న: అమ్మ పోయి ఏడాది. ఆవిడ వెంకటగిరి చీరలతో ఏదైనా చేసుకుందామంటే, పోయినవాళ్ల బట్టలకి కత్తెర పెట్టకూడదని అత్తయ్య అంటున్నారు అక్కా.

జవాబు: కత్తెర పెట్టకు. మడతలు మడతలుగా వేసి బొంత కుట్టించు, ఏ చీరా కోయక్కర్లేదు, అత్తయ్య కూడా ఒక కుట్టు వేస్తారు చూడు. పట్టు జరీ ఉన్నవి మాత్రం బొంతకి పనికిరావు, దాచుకో.

ప్రశ్న: మాది శ్రీకాళహస్తి. చలాయన్ బట్టల్ని మట్టిలో పూడ్చి పెట్టాడని చదివాను. నేనూ అలా చేయాలనుకుంటున్నా. ఎలా చేయాలి, ఎన్నాళ్లు?

జవాబు: అది 1993లో ఆయన కాలేజీ చివరి ప్రాజెక్టు. బట్టలకి ఇనుప రజను పట్టించి తెలిసినవాళ్ల పెరట్లో పూడ్చి, షోకి ముందు తవ్వి తీశాడు. తుప్పు పట్టి సమాధిలోంచి తీసినట్టున్న ఆ బట్టల్ని లండన్‌లో ఒక పెద్ద షాపువాళ్లు కొని అద్దాల వెనక పెట్టారు.

మీ ఊళ్లో ఉండి ఇనుము గురించి నన్ను అడగడం ఏంటమ్మా, పక్క వీధి కలంకారీ వాళ్లని అడుగు. తుప్పు ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో వేసి రోజుల తరబడి పులియబెట్టి తీసిన నీళ్లే వాళ్ల నల్లరంగు. ముందే కరక్కాయ, గేదెపాలలో ముంచిన గుడ్డ మీద ఆ నీళ్లు కలంతో తగిలించగానే నలుపు తేలుతుంది, కరక్కాయ వగరుకీ ఇనుముకీ అలా పడుతుంది. నువ్వు కూడా గుడ్డలో సగానికి కరక్కాయ పట్టించి, సగం వదిలేసి పూడ్చావంటే ఒక వైపు నలుపు, ఒక వైపు తుప్పు ఎరుపు వస్తాయి. నూలు గుడ్డే తీసుకో, పాలియెస్టర్‌కి మట్టి ఏమీ చేయదు. మట్టి తడిగా ఉండాలి, వారానికోసారి ఒక మూల తవ్వి చూస్తూ ఉండు, ఎన్నాళ్లన్నది మీ నేలను బట్టే. ఇనుము ఎక్కువైతే నలుపు పడిన చోట గుడ్డ కొన్నాళ్లకి పొడిపొడిగా రాలుతుంది. నీకు కావాల్సింది అదే అయితే సరే, లేదంటే తీసిన వెంటనే బాగా జాడించి ఆరబెట్టు. పాత కలప దగ్గర మాత్రం పూడ్చకు, చెదలు పట్టాయంటే తవ్వేసరికి నీకు బొత్తాలే మిగులుతాయి.